సమాచార పునరుద్ధరణ

కార్యాలయంలో పనిచేసే ఉద్యోగికి కంప్యూటరు అంటే ఎదుట ఉన్న తెర, చేతికింద ఉన్న కీబోర్డు. తెరమీద కనిపించే లెక్క ఎక్కడినుండి వచ్చిందో అతడు తెలిసికొనవలసిన అవసరం సాధారణంగా రాదు. ఆ లెక్క వేరొక గదిలో, ఒక్కొక్కప్పుడు వేరొక నగరంలో, రాత్రింబవళ్ళు విరామం లేక పనిచేసే సర్వరు అనే యంత్రంలో ఉంటుంది. సర్వరులో సమాచారాన్ని పట్టికలుగా అమర్చి, అడిగిన క్షణంలో అందించే ఏర్పాటుకు డేటాబేసు అని పేరు. జీతాల పట్టికలు, విద్యార్థుల మార్కులు, ఆస్పత్రిలో రోగుల వివరాలు, రైలు టిక్కెట్లు అన్నీ డేటాబేసులలోనే ఉంటాయి.

ఇటువంటి డేటాబేసుల విలువ అందరికీ తెలిసినదే. వాటిని కాపాడే విషయంలో సంస్థలు శ్రద్ధ వహిస్తాయి. కాని వాటి వెనుక సేవకులవలె నిలిచి పనిచేసే డేటాబేసులు మరికొన్ని ఉన్నాయి. అవి పాడైన రోజునగాని అవి ఉన్నట్లే చాలమందికి తెలియదు. వాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి నివేదికల డేటాబేసు. రెండవది అప్‌డేట్ల డేటాబేసు. విండోస్ సర్వర్లు గల కార్యాలయాలలో మైక్రోసాఫ్ట్ సంస్థ రూపొందించిన ‘రిపోర్టింగ్ సర్వీసెస్’ మొదటిదానిని, ‘విండోస్ సర్వర్ అప్‌డేట్ సర్వీసెస్’ రెండవదానిని ఆధారంగా చేసికొని పనిచేస్తాయి. సర్వరులోని సమాచారానికి మరొక ప్రతి తీసి దాచడాన్ని బ్యాకప్ అంటారు. ఆ ప్రతినుండి సమాచారాన్ని తిరిగి సర్వరులో నిలపడమే పునరుద్ధరణ. ఈ రెండు పనులలో మొదటిదానిమీద ఉన్న శ్రద్ధ రెండవదానిమీద కనిపించకపోవడం లోకంలో తరచుగా జరుగుతున్నది.

నివేదికల సర్వరు చేసే పని ఇది. ప్రతి నెలా మొదటి తేదీ ఉదయానికి, గడచిన నెల వసూళ్ళ వివరం అధికారికి ఈ-మెయిల్ రూపంలో చేరుతుంది. దానిని ఆ రాత్రి ఎవరూ కూర్చుండి తయారుచేయలేదు. ఏ పట్టికలోనుండి ఏ అంకెలు తీయాలి, వాటిని ఏ క్రమంలో కూర్చాలి, ఏ రోజున ఎవరికి పంపాలి అనే నిర్దేశాలన్నీ నివేదికల డేటాబేసులో ముందుగానే వ్రాసి ఉంటాయి. అంకెలకు స్థానం వేరొక డేటాబేసు. ఆ డేటాబేసు తలుపు తెరవడానికి కావలసిన పేరు, పాస్‌వర్డు మాత్రం నివేదికల డేటాబేసులోనే, ఎవరూ చదువలేని గూఢలిపిలో భద్రపరచి ఉంటాయి.

అప్‌డేట్ల సర్వరు పని మరొక విధమైనది. కంప్యూటర్లను నడిపించే సాఫ్ట్‌వేరులో లోపాలు బయటపడినప్పుడల్లా వాటిని సరిచేసే అప్‌డేట్లను తయారీ సంస్థ విడుదల చేస్తుంది. వందల కంప్యూటర్లు ఉన్నచోట ప్రతి యంత్రమూ వేరువేరుగా వాటిని తెచ్చుకొంటే ఇంటర్నెట్ మీద భారం పెరుగుతుంది. పైగా ఏ యంత్రం ఏ అప్‌డేటు పొందిందో చెప్పగలవారు ఉండరు. అందువల్ల ఒక సర్వరు వాటిని తెచ్చి, నిర్వాహకుడు ఆమోదించినవాటిని మాత్రమే మిగిలిన యంత్రాలకు పంచుతుంది.

ఈ పంపిణీ ఎంత అవసరమో 2017లో ప్రపంచమంతా చూచింది. ఆ సంవత్సరం మే 12న వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము దేశదేశాల కంప్యూటర్లలో ప్రవేశించి, అందులోని ఫైళ్ళను గూఢలిపిలోకి మార్చి, విడిపించడానికి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది ప్రవేశించిన రంధ్రాన్ని పూడ్చే అప్‌డేటు మార్చి 14ననే విడుదలైంది. దాదాపు రెండు నెలల వ్యవధి ఉండి కూడా ఆ అప్‌డేటును స్థాపించుకొనని యంత్రాలే ఎక్కువగా నష్టపోయాయి. ఏ యంత్రం వెనుకబడి ఉన్నదో చెప్పగలిగినది అప్‌డేట్ల డేటాబేసు. 2024 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ఈ సేవకు ఇకమీదట కొత్త సౌకర్యాలు చేర్చబోమని ప్రకటించింది. అయినా అప్పటికే నెలకొన్న సర్వర్లు తమ పని తాము చేస్తూనే ఉన్నాయి.

బ్యాకప్ తీయడానికి పూనుకొనే ముందు ఒక ప్రశ్న వేసికోవాలి. పోయినదానిలో తిరిగి దొరికేది ఏది, దొరకనిది ఏది? అప్‌డేట్ల సర్వరులో అన్నిటికంటె ఎక్కువ చోటు ఆక్రమించేవి అప్‌డేటు ఫైళ్ళు. అవి వందల గిగాబైట్లకు పెరుగుతాయి. కాని అవి పోతే పెద్ద నష్టం లేదు. కొన్ని గంటలో, కొన్ని రోజులో పట్టినా తయారీ సంస్థనుండి వాటిని మళ్ళీ తెచ్చుకోవచ్చు. డేటాబేసు వాటికంటె చాల చిన్నది. అయితే ఏ అప్‌డేటును ఆమోదించాలి, దేనిని నిరాకరించాలి, ఏ యంత్రాన్ని ఏ వర్గంలో ఉంచాలి అని నిర్వాహకుడు సంవత్సరాల తరబడి చేసిన నిర్ణయాలు అందులో ఉన్నాయి. ఒక అప్‌డేటు వేసినప్పుడు లెక్కల విభాగంలో ప్రింటర్లు ఆగిపోయాయి కాబట్టి దానిని ఆ విభాగానికి నిలిపివేశారనుకొందాం. ఆ సంగతి మైక్రోసాఫ్ట్‌కు తెలియదు. తెలిసినది ఆ డేటాబేసుకే. యంత్రం తెచ్చినదానిని యంత్రం మళ్ళీ తెస్తుంది. మనిషి ఆలోచించి నిర్ణయించినదానిని మళ్ళీ మనిషే కూర్చుండి ఆలోచించాలి. అప్పటికి ఆ మనిషి బదిలీ అయి ఉండవచ్చు. పరిమాణాన్ని చూచి విలువ కట్టేవారు ఇక్కడ పొరబడతారు.

ఇక ప్రతి తీసే విధానం. ఇంట్లోని కంప్యూటరులో ఒక ఫోటోను మరొకచోటికి నకలు చేసినట్లు డేటాబేసు ఫైలును నకలు చేయరాదా అని ఎవరికైనా తోచవచ్చు. చేయరాదు. నడుస్తున్న డేటాబేసు పారుతున్న ఏరువంటిది. ‘ఎస్‌క్యూఎల్ సర్వర్’ అనే డేటాబేసు సాఫ్ట్‌వేరు సమాచారాన్ని 8 కిలోబైట్ల పుటలుగా విభజించి ఉంచుతుంది. ఒక మార్పు వచ్చినప్పుడు ముందుగా దానిని లాగ్ అనే దినచర్య పుస్తకంలో వ్రాసికొంటుంది. పుటలోని మార్పును మొదట తన తాత్కాలిక జ్ఞాపకంలోనే చేసి, తరువాత తీరిక చూచుకొని డిస్కుమీదికి ఎక్కిస్తుంది. కనుక ఏ క్షణాన చూచినా డిస్కుమీది ఫైలు సంపూర్ణం కాదు. దానిని అట్లాగే నకలు చేస్తే మొదటి పుటలు పది గంటలనాటివి, చివరి పుటలు పది గంటల పది నిమిషాలనాటివి అవుతాయి. ఒక ఖాతాలోనుండి తీసిన సొమ్ము మరొక ఖాతాలో చేరని స్థితి ఆ నకలులో శాశ్వతంగా నిలిచిపోతుంది. అందువల్ల డేటాబేసు సాఫ్ట్‌వేరునే అడిగి బ్యాకప్ తీయించాలి. అది పుటలతోపాటు, ఆ పుటలు వ్రాసే సమయంలో జరిగిన మార్పులకు చెందిన లాగ్ భాగాన్ని కూడా కలిపి ఇస్తుంది.

బ్యాకప్‌లు ప్రధానంగా మూడు రకాలు. డేటాబేసు మొత్తానికి తీసేది పూర్ణ బ్యాకప్. గత పూర్ణ బ్యాకప్ తరువాత మారిన భాగాలను మాత్రమే తీసేది భేదాత్మక బ్యాకప్. గత లాగ్ బ్యాకప్ తరువాత దినచర్య పుస్తకంలో చేరిన భాగాన్ని తీసేది లాగ్ బ్యాకప్. మొదటిది పెద్దది కాబట్టి అరుదుగాను, చివరిది చిన్నది కాబట్టి తరచుగాను తీస్తారు.

ఒక కార్యాలయంలో ఆదివారం రాత్రి ఒంటిగంటకు పూర్ణ బ్యాకప్, మిగిలిన ప్రతిరాత్రీ ఒంటిగంటకు భేదాత్మక బ్యాకప్, గంటగంటకు లాగ్ బ్యాకప్ తీస్తున్నారనుకొందాం. బుధవారం ఉదయం 11 గంటల 40 నిమిషాలకు ఒక ఉద్యోగి ఒక వరుసను తొలగించబోయి, ఏ వరుసో చెప్పే షరతును వ్రాయడం మరచి, పట్టిక మొత్తాన్ని తొలగించాడు. పునరుద్ధరణ ఇట్లా సాగుతుంది. మొదట లాగ్‌లో ఇంకా బ్యాకప్ కాని చివరి భాగాన్ని తీసి పదిలపరచాలి. తొందరలో అందరూ మరచిపోయే పని ఇదే. తరువాత ఆదివారంనాటి పూర్ణ ప్రతిని నిలపాలి. దానిమీద బుధవారం రాత్రి ఒంటిగంటనాటి భేదాత్మక ప్రతిని వేయాలి. సోమ, మంగళవారాల భేదాత్మక ప్రతులతో పని లేదు. ఎందుకంటే బుధవారం ప్రతిలోనే ఆ మార్పులన్నీ ఇమిడి ఉన్నాయి. అటుపైన 2 గంటలనుండి 11 గంటల వరకు తీసిన పది లాగ్ ప్రతులను వరుస తప్పకుండా వేయాలి. చివరగా, మొదట పదిలపరచిన భాగాన్ని వేస్తూ ‘11 గంటల 39 నిమిషాల వద్ద ఆగుము’ అని ఆజ్ఞ ఇవ్వాలి. దుర్ఘటనకు ఒక నిమిషం ముందున్న డేటాబేసు కళ్ళముందు నిలుస్తుంది. ఈ మధ్యలో ఏ ఒక్క లాగ్ ప్రతి లోపించినా దాని తరువాతివి ఎన్ని ఉన్నా నిరుపయోగమే. గొలుసులో కొక్కెం తెగినట్లు ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది.

ఈ పనిని నడుస్తున్న డేటాబేసు మీదనే చేయడం మంచిది కాదు. వేరొక పేరుతో పక్కన నిలిపి, పోయిన పట్టికను మాత్రమే అక్కడినుండి తెచ్చుకోవడం వివేకం. లేకపోతే 11 గంటల 40 నిమిషాల తరువాత ఇతరులు చేసిన పని కూడా పోతుంది.

అదే బుధవారం ఉద్యోగి పొరపాటుకు బదులు డిస్కే కాలిపోయిందనుకొంటే చివరి లాగ్ భాగం దొరకదు. 11 గంటల తరువాతి నలభై నిమిషాల పని పోయినట్లే. ఎంత పని పోయినా సహించగలమన్నది ఒక ప్రశ్న. సర్వరు మళ్ళీ లేచేవరకు ఎంతసేపు ఆగగలమన్నది మరొక ప్రశ్న. ఈ రెంటికీ సమాధానం చెప్పవలసినది కార్యాలయ అధిపతి. నిర్వాహకుడు ఆ సమాధానాన్నిబట్టి గంటకో, పావుగంటకో లాగ్ బ్యాకప్ ఏర్పాటు చేస్తాడు. అధిపతి సమాధానం చెప్పని కార్యాలయాలలో నిర్వాహకుడు తానే ఏదో ఒకటి ఊహించుకొంటాడు. ఆ ఊహ తప్పని తేలేది ప్రమాదం జరిగిన రోజుననే.

సర్వర్ల విషయంలో చాలమందికి కలిగే భ్రమ ఒకటున్నది. రెండు సర్వర్లను పక్కపక్కన ఉంచి, మొదటిదానిలో జరిగిన ప్రతి మార్పూ రెండవదానిలో వెంటనే జరిగేటట్లు ఏర్పాటు చేస్తే ఇక బ్యాకప్ ఎందుకు అనుకొంటారు. తాళపత్ర గ్రంథాల చరిత్ర ఎరిగినవారు ఈ మాట అనరు. మాతృకలోని తప్పు పుత్రికలోకి దిగుతుంది. మూలంలో ఒక పద్యం ఎగిరిపోతే, శ్రద్ధగా వ్రాసిన లేఖకుడి ప్రతిలో కూడా ఆ పద్యం ఉండదు. శ్రద్ధ ఎక్కువైనకొద్దీ తప్పు మరింత నిక్కచ్చిగా సంక్రమిస్తుంది. అందువల్లనే 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఒక కావ్యానికి ఒక ప్రతితో తృప్తిపడక, వేరువేరు కాలాలలో వేరువేరు చోట్ల వ్రాసిన ప్రతులను సేకరించి, పండితులచేత పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. ఒకదానిలో పోయినది మరొకదానిలో దొరికింది. జంట సర్వరు మాతృకను అనుసరించే లేఖకుడివంటిది. మొదటిదానిలో పట్టిక తొలగించగానే క్షణంలో రెండవదానిలోనూ తొలగిపోతుంది. యంత్రం చెడినప్పుడు అది ఆదుకొంటుందే కాని, మనిషి పొరబడినప్పుడు ఆదుకోలేదు. వేరొక కాలంనాటి ప్రతి కావాలి. అది బ్యాకప్ ఒక్కటే.

దీనికి ప్రసిద్ధమైన దృష్టాంతం 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగిన సంఘటన. ప్రోగ్రాములు వ్రాసేవారు తమ పనిని భద్రపరచుకొనే చోటు అది. అక్కడ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు రెండు సర్వర్లలో, ఒకటి ప్రధానంగా మరొకటి అనుగామిగా నడిచేది. ఆ రోజు భారం పెరిగి అనుగామి వెనుకబడింది. దానిని మళ్ళీ దారికి తేవడానికి ఒక ఇంజనీరు రాత్రి పొద్దుపోయేవరకు శ్రమించాడు. అనుగామిలో ఉన్న పాత సమాచారాన్ని తొలగించి కొత్తగా ప్రారంభిద్దామని ఆజ్ఞ ఇచ్చాడు. ఒకటి రెండు సెకన్లలో అతనికి తెలిసింది, తాను ఆజ్ఞ ఇచ్చినది ప్రధాన సర్వరుకని. వెంటనే ఆపాడు. అప్పటికే సుమారు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లు మాత్రమే మిగిలాయి.

అసలు కథ దీని తరువాత ఉన్నది. తొలగించినవాడిని నిందించి ఊరుకొంటే అది బోధపడదు. ఆ సంస్థలో సమాచార రక్షణకు ఒకటి కాదు, ఐదు ఏర్పాట్లు ఉన్నాయనుకొన్నారు. వెదకబోతే వాటిలో ఒక్కటీ అనుకొన్నట్లు పనిచేయలేదు. రోజుకొకసారి తీసే బ్యాకప్ ఉండవలసిన చోటు ఖాళీగా కనిపించింది. కారణం విచారించగా, డేటాబేసు 9.6 సంచికకు చెందినది, బ్యాకప్ తీసే ఉపకరణం 9.2 సంచికకు చెందినది అని తేలింది. సంచికలు సరిపడక ఆ ఉపకరణం ప్రతిరోజూ విఫలమవుతూ వచ్చింది. విఫలమైనప్పుడు ఈ-మెయిల్ పంపే ఏర్పాటు ఉన్నది. కాని ఆ మెయిళ్ళు పంపినవారి ప్రామాణికత రుజువు కాలేదని, అందుకొనే సర్వరు వాటిని తిరస్కరించింది. దొంగ వచ్చినాడని కావలివాడు కేకవేయకపోలేదు. కేక ఇంటివారి చెవిని పడలేదు. ఆ నిశ్శబ్దాన్నే అందరూ క్షేమమని భావించారు.

వారిని రక్షించినది కొంతవరకు అదృష్టమే. ఆ ప్రమాదానికి సుమారు ఆరు గంటల ముందు అదే ఇంజనీరు వేరొక పరీక్ష కోసం డేటాబేసు ప్రతి ఒకటి తీసి ప్రయోగ సర్వరులో ఉంచాడు. దానినుండే సమాచారాన్ని తిరిగి తెచ్చారు. ప్రయోగ సర్వరు డిస్కులు మందమైనవి కావడంవల్ల నకలు చేయడానికే చాల గంటలు పట్టింది. మరునాటి సాయంకాలానికి సేవ మొదలైంది. ఆ ఆరు గంటలలో నమోదైన మార్పులు మాత్రం తిరిగిరాలేదు. సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 మంది కొత్త వాడుకరుల వివరాలు పోయినట్లు సంస్థ తెలిపింది. ఆ సంస్థ జరిగినదానిని దాచలేదు. పునరుద్ధరణ సాగుతున్నంతసేపూ ఏమి జరుగుతున్నదో యూట్యూబులో అందరికీ చూపింది. తరువాత కారణాలన్నీ వివరంగా ప్రకటించింది. అందువల్లనే ఈ వివరాలు లోకానికి అందాయి.

మళ్ళీ నివేదికల సర్వరు దగ్గరికి వస్తే, అక్కడ బ్యాకప్ చక్కగా ఉండి కూడా పునరుద్ధరణ విఫలం కావడానికి ఒక ప్రత్యేక కారణం ఉన్నది. దాని డేటాబేసులో పాస్‌వర్డులు గూఢలిపిలో ఉన్నాయని ముందే చెప్పుకొన్నాం. ఆ గూఢలిపిని విప్పడానికి ఒక తాళపుచెవి ఉంటుంది. లోహంతో చేసినది కాదు. కొన్ని అక్షరాల సమూహం. అది ఆ సర్వరుకు, ఆ సేవ ఏ ఖాతా పేరుతో నడుస్తున్నదో ఆ ఖాతాకు ముడిపడి ఉంటుంది. పాత సర్వరు కాలిపోయి, కొత్త సర్వరు మీద డేటాబేసును నిలిపితే నివేదికలన్నీ వస్తాయి. పేర్లు, క్రమం, పంపవలసిన తేదీలు అన్నీ ఉంటాయి. కాని ఏ నివేదికను తెరిచినా అంకెలు రావు. పెట్టె భద్రంగా వచ్చింది, తాళపుచెవి పాత ఇంట్లోనే ఉండిపోయింది. తాళపుచెవిని ముందుగానే వేరొక ఫైలుగా తీసి, దానికి ఒక పాస్‌వర్డు పెట్టి దాచి ఉంచితే కొత్త సర్వరులో దానిని ఇచ్చి గూఢలిపిని విప్పించవచ్చు. దాచి ఉంచకపోతే చేయగలిగినది ఒక్కటే. గూఢలిపిలో ఉన్నదంతా తొలగించి, ప్రతి పాస్‌వర్డునూ మళ్ళీ అడిగి తెలిసికొని నింపడం. వంద నివేదికలున్న కార్యాలయంలో అది రోజులు పట్టే పని. ఆ తాళపుచెవి ఫైలును డేటాబేసు బ్యాకప్ ఉన్న అరలోనే, దాని పాస్‌వర్డును ఆ ఫైలు పక్కనే ఉంచేవారూ లేకపోలేదు. బీరువాకు తాళం వేసి చెవిని బీరువాకే వ్రేలాడదీయడం వంటిది అది.

నివేదికల సర్వరుకు తోడుగా మరొక తాత్కాలిక డేటాబేసు ఉంటుంది. అందులోని సమాచారం పోయినా నష్టం లేదు. అయితే ఆ డేటాబేసే లేకపోతే సర్వరు లేవదు. అందువల్ల దానిని కూడా జంటగా నిలపాలి. సర్వరు అమరికలు వ్రాసి ఉన్న ఫైలు డేటాబేసుకు వెలుపల ఉంటుంది కాబట్టి దానిని వేరుగా నకలు చేసికోవాలి. నివేదికల డేటాబేసు సాధారణంగా లాగ్‌ను పూర్తిగా దాచుకొనే పద్ధతిలో ఏర్పడుతుంది. దానికి లాగ్ బ్యాకప్ తీయకుండా వదిలేస్తే లాగ్ అడ్డూ ఆపూ లేక పెరిగి, ఒక రోజు డిస్కు నిండి సర్వరు ఆగిపోతుంది. ఎవరూ పట్టించుకోని డేటాబేసు తన ఉనికిని తెలియజేసే రీతి తరచుగా ఇదే.

అప్‌డేట్ల డేటాబేసు చాల కార్యాలయాలలో ‘విండోస్ ఇంటర్నల్ డేటాబేసు’ అనే ఉచిత రూపంలో ఉంటుంది. నియమిత వేళకు తనంతట తానే బ్యాకప్ తీసే ఏర్పాటు దానిలో లేదు. నిర్వాహకుడు విండోస్‌లోని కాలసూచిక సహాయంతో ఆ పని చేయించాలి. పునరుద్ధరించేటప్పుడు ముందుగా అప్‌డేట్ల సేవను, దానితో కలిసి పనిచేసే వెబ్ సేవను ఆపాలి. లేకపోతే వందల కంప్యూటర్లు సగం నిలిచిన డేటాబేసును ప్రశ్నలతో కదిలిస్తూ ఉంటాయి. డేటాబేసును నిలిపి సేవలను ప్రారంభించిన తరువాత మరొక పని మిగులుతుంది. పాత డేటాబేసు ‘ఈ ఫైలు నా వద్ద ఉన్నది’ అని చెప్పవచ్చు. ఆ ఫైలు డిస్కుమీద ఉండకపోవచ్చు. అందుకని ‘రీసెట్’ అనే ఆజ్ఞ ఇస్తారు. సర్వరు తన జాబితాను డిస్కుమీది ఫైళ్ళతో ఒక్కొక్కటిగా సరిచూచుకొని, లేనివాటిని మళ్ళీ తెచ్చుకొంటుంది. ఇది నెమ్మదిగా సాగుతుంది. ఆగిపోయిందని భ్రమపడి మధ్యలో భంగపరచరాదు.

బ్యాకప్‌ను ఎక్కడ దాచాలన్నది మరొక విషయం. అమెరికా ఫోటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3–2–1 అనే సూత్రం ఉన్నది. ప్రతులు మూడు, అవి ఉండవలసిన సాధనాలు రెండు రకాలు, ఒక ప్రతి మాత్రం వేరే ఊరిలో. సర్వరు ఉన్న డిస్కుమీదనే బ్యాకప్ ఉంచడం వల్ల ప్రయోజనం లేదని ఎవరైనా ఒప్పుకొంటారు. ఒకే ఆవరణలో ఉంచడం వల్ల కూడా ప్రయోజనం లేదని 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరం చూపింది. ఓవీహెచ్ సంస్థ సర్వర్ల భవనం అగ్నికి ఆహుతి కాగా, అదే ఆవరణలో బ్యాకప్ ఉంచినవారు రెండూ కోల్పోయారు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ సర్వర్ల కేంద్రంలో బ్యాటరీలనుండి మంటలు లేచాయి. 600కు పైగా ప్రభుత్వ సేవలు నిలిచిపోయాయి. వాటిలో చాలవాటికి వేరొకచోట ప్రతులు ఉన్నాయి. అవి క్రమంగా కోలుకొన్నాయి. కాని ఉద్యోగులు తమ పత్రాలు దాచుకొనే ‘జీ-డ్రైవ్’ అనే భాండాగారానికి వెలుపల ప్రతి లేదు. అది అతి విశాలమైనది కాబట్టి ప్రతి తీయలేదని అధికారులు చెప్పారు. 858 టెరాబైట్ల సమాచారం బూడిద అయింది. ప్రపంచంలో అత్యుత్తమ సాంకేతిక నైపుణ్యం గల దేశాలలో ఒకటైన కొరియాలో ఇది జరిగిందని గమనించాలి.

వన్నాక్రై వంటి ప్రోగ్రాములు వచ్చిన తరువాత అగ్నికి తోడు మరొక భయం చేరింది. సర్వరుకు తగిలించి ఉన్న బ్యాకప్‌ను కూడా అవి వెదకి గూఢలిపిలోకి మారుస్తాయి. అందువల్ల ఒక ప్రతిని ఏ తీగకూ తగిలించకుండా, టేపుమీదనో విడి డిస్కుమీదనో తీసి వేరుగా ఉంచడం ఆచారమైంది.

ప్రతి తీసిన తరువాత దానిని పరీక్షించే మార్గాలు కొన్ని ఉన్నాయి. బ్యాకప్ తీసేటప్పుడే ప్రతి పుటకూ ఒక సరిచూపు సంఖ్య కట్టించవచ్చు. ఫైలు చదువగలిగే స్థితిలో ఉన్నదా అని అడుగవచ్చు. ఇవి గ్రంథం అట్టనూ పుటల సంఖ్యనూ చూచి తృప్తిపడడం వంటివి. లోపలి అక్షరాలు సరిగా ఉన్నాయని అవి హామీ ఇవ్వలేవు. పుట చెడిన తరువాత తీసిన బ్యాకప్‌లో చెడిన పుటే ఉంటుంది. నిశ్చయంగా తెలిసికొనే మార్గం ఒక్కటే. వేరొక సర్వరుమీద దానిని నిజంగా నిలిపి చూడడం.

కొన్ని సంస్థలు మూడు నెలలకొకసారి ఈ అభ్యాసం చేస్తాయి. ఆ రోజు బ్యాకప్ ఏర్పాటు చేసినవాడిని పక్కన కూర్చుండబెట్టి, అతడు వ్రాసిపెట్టిన కాగితం చూచి వేరొకరు పని చేస్తారు. కాగితంలో ‘మామూలుగా చేయవలెను’ అని ఉన్నచోట కొత్తవాడు ఆగిపోతాడు. ఆ చోట వివరం వ్రాస్తారు. బయలు ఊరినుండి ప్రతిని తెప్పిస్తారు. పూర్ణ ప్రతి, భేదాత్మక ప్రతి, లాగ్ ప్రతులు వరుసగా వేస్తారు. డేటాబేసు అంతర్గతంగా సరిగా ఉన్నదో లేదో సరిచూచే ఆజ్ఞ నడిపిస్తారు. తాళపుచెవి ఫైలును, దాని పాస్‌వర్డును సీలు వేసిన కవరులోనుండి తీస్తారు. ఈ కొత్త సర్వరు ఉద్యోగులకు ఈ-మెయిళ్ళు పంపకుండా ముందే కట్టడి చేస్తారు. లేకపోతే పాత నివేదికలు రెండవసారి వెళ్ళి కలవరం పుట్టిస్తాయి. గత నెల నివేదికను తెరిచి, అసలు సర్వరునుండి వచ్చిన నివేదిక పక్కన పెట్టి అంకెలు సరిచూస్తారు. అప్‌డేట్ల సర్వరులో ఏదైనా ఒక యంత్రం పేరు వెదకి, అది ఏ వర్గంలో ఉన్నదో, దానికి ఏ అప్‌డేట్లు నిలిపివేశారో చూస్తారు. పని మొదలుపెట్టిన వేళ, ముగిసిన వేళ పుస్తకంలో వ్రాస్తారు. అధిపతి నాలుగు గంటలు ఆగగలనని చెప్పినచోట తొమ్మిది గంటలు పట్టిందని తేలితే, ఆ పుటను ఆయన ముందు ఉంచి సంతకం తీసికొంటారు.